దూడ జ్వరానికి ముళ్లెలుకను నిందించకండి

ప్రశ్న: మొయినాబాద్ దగ్గర మాకు చిన్న డెయిరీ ఉంది. గడ్డివాము కింద ముళ్లపంది పిల్ల దొరికింది, ముట్టుకుంటే బంతిలా చుట్టుకుంటోంది. ఒంటినిండా పిడుదులు, దూకే పురుగులు. అప్పటి నుంచి ఆవులకూ పిడుదులు ఎక్కువయ్యాయి. ఎనిమిది నెలల జెర్సీ సంకర దూడకు నాలుగు రోజులుగా 105 డిగ్రీల జ్వరం, మేత ముట్టడం లేదు, భుజం ముందు గడ్డ లేచింది. షాపులో యాంటీబయాటిక్, ఐవర్‌మెక్టిన్ ఇచ్చారు, తగ్గలేదు. వాము చుట్టూ విషపు గుళికలు చల్లమంటున్నారు. చల్లమంటారా?
– ఒక పాడి రైతు

జవాబు: చల్లొద్దు. ముందు దూడ సంగతి చూడండి, ఆలస్యమైతే దక్కదు.

సంకర దూడకు అంత జ్వరం, భుజం ముందు గడ్డ, ఒంటి మీద పిడుదులు ఉన్నాయంటే నా అనుమానం థైలీరియా మీదే, అంటే పిడుదులు అంటించే రక్త పరాన్నజీవి జబ్బు. ఈ రోజే పశువైద్యుడిని పిలిపించి చెవి రక్తంతో స్లైడు (సూక్ష్మదర్శినిలో చూసే గాజు పలక) తీయించండి. కుదరకపోతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లండి. థైలీరియా అని తేలితే బుపార్వాక్వోన్ 5 శాతం మందు, 20 కిలోల బరువుకు 1 మి.లీ. చొప్పున మెడ కండలో లోతుగా వేస్తారు. అవసరమైతే 48–72 గంటలకు రెండో మోతాదు. దూడ బరువు టేపుతో కొలవండి, కంటి అంచనా వద్దు. మీరు వేయించిన యాంటీబయాటిక్ ఈ జబ్బును నయం చేయదు. ఐవర్‌మెక్టిన్ పిడుదుల మీద కొంత పనిచేస్తుంది గానీ రక్తంలో ఉన్న పరాన్నజీవిని ఏమీ చేయదు. పైగా పాలిచ్చే ఆవులకు వేయకూడని మందు అది. షాపాయన ఆ మాట చెప్పాడా?

ఇక మీ ముద్దాయి. బంతిలా చుట్టుకుంటోందంటే అది ముళ్లపంది పిల్ల కాదు, ముళ్లెలుక. పురుగులు తిని బతికే జంతువు. ముళ్ల మధ్య గోక్కోలేదు కాబట్టి దానికి నాలుగు పిడుదులు ఉండటం మామూలే. ఒళ్లంతా నిండిపోయి, పట్టపగలు బయట తిరుగుతుంటే మాత్రం అది నీరసపడిందని అర్థం. దూకేవి మిన్నల్లులు. మీ కుక్క మీదికి ఎక్కవచ్చు, మిమ్మల్నీ కుట్టవచ్చు, ఆవు ఒంటి మీద మాత్రం కాపురం పెట్టవు. ఇంకో మాట, అది వన్యప్రాణి. చంపితే కేసు మీ మీదికే వస్తుంది. అటవీ శాఖ వాళ్లకు చెప్పండి.

ఆవు తోక కింద, పొదుగు సందుల్లో ఉన్న పిడుదులను ఒకసారి దగ్గరగా చూడండి. గోధుమరంగు ఒంటికి కాళ్ల మీద తెల్లటి చారలుంటే అది హయలోమా జాతి పిడుదు. థైలీరియా మోసేది ఇదే. చిన్న దశలో ఇది ముళ్లెలుక రక్తమూ తాగవచ్చు. కానీ థైలీరియా ఆ పిడుదుకు అంటేది ముళ్లెలుక నుంచి కాదు. ఎప్పుడో జ్వరం వచ్చి కోలుకున్న మీ ఆవు రక్తంలోనే అది మిగిలి ఉంటుంది. ఆ ఆవును తాగిన పిడుదు పిల్ల పెరిగి, తర్వాత దూడను పట్టుకుంటుంది. పిడుదు గుడ్ల ద్వారా మాత్రం ఈ జబ్బు పాకదు.

ఆవులకు పిడుదులను చంపే మందు అమిట్రాజ్ 12.5 శాతం, లీటరు నీటికి 2 మి.లీ. కలిపి కొట్టండి. పెద్ద పశువుకు రెండు మూడు లీటర్లు పట్టించాలి. చెవి లోపల, తోక మొదట్లో వదిలేయకండి. ముందుగా కడుపునిండా నీళ్లు తాగించి, చల్లటి పూట కొట్టండి. ఒళ్లు ఆరేదాకా నాక్కోనివ్వొద్దు, పాలు తీసేముందు పొదుగు కడగండి. 15 రోజులకు మళ్లీ కొట్టాలి. మోతాదు రెట్టింపు చేస్తే పిడుదులు రెట్టింపు చావవు, అవి మొండికెత్తుతాయి. పంట మందులు పశువుల మీద కొట్టే వాళ్లున్నారు, ఆ పని అస్సలు వద్దు. సగం పోరు షెడ్డు గోడల్లోనే ఉంది. పగుళ్లను బ్లోల్యాంప్‌తో (మంట చిమ్మే దీపం) కాల్చి, సిమెంటు పూసి, సున్నం వేయండి. పిడుదులను వేళ్లతో నలపకండి. పిడుదులు మోసే ప్రాణాంతక వైరస్ జబ్బు క్రిమియన్-కాంగో జ్వరం మనుషులకు అంటుకునే దారుల్లో అదీ ఒకటి. 2011లో గుజరాత్‌లో ఆ జ్వరంతో మనుషులు పోయారు.

మీ ఉత్తరంలో టీకా మాటే లేదు. నాకు కోపం తెప్పించింది అదే. థైలీరియా టీకా రక్షావాక్-టి తయారయ్యేది మన హైదరాబాద్‌లోనే. మూడు నెలలు దాటిన సంకర దూడకు 3 మి.లీ. చర్మం కింద వేస్తారు. దాన్ని ద్రవ నత్రజనిలోనే నిల్వ చేయాలి, అందుకే మామూలు షాపు ఫ్రిజ్‌లో దొరకదు, షాపువాళ్లు దాని ఊసెత్తరు. చూడి పశువులకు, జ్వరంతో ఉన్న ఈ దూడకు ఇప్పుడు వద్దు. మిగతా దూడల జాబితా రాసుకుని, స్లైడు తీయడానికి వచ్చిన డాక్టరు చేతిలోనే పెట్టండి.