చక్కెర మానేస్తే క్యాన్సర్ కణాలు ఆకలితో చచ్చిపోతాయా?

మీ మామగారికి అన్నం, పండ్లు, బెల్లం అన్నీ ఆపేశామని, ఇలా చేస్తే క్యాన్సర్ కణాలు మాడి చస్తాయా అని అడిగారు. చావవు. దయచేసి ఈ పూటే అన్నం పెట్టండి.

మా నాన్నకు లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) వచ్చినప్పుడు మేమూ ఇదే తప్పు చేశాం. క్యాన్సర్ ఎక్కడెక్కడ ఉందో చూసే పెట్ స్కాన్‌కి ఆరు గంటలు పస్తు ఉంచి, సూది వేసి, గంటసేపు మాట్లాడకుండా పడుకోబెట్టారు. ఆ సూదిమందు గ్లూకోజ్ లాంటిదే, కాస్త రేడియోధార్మికత ఉన్నది. రిపోర్టుతో ఇచ్చిన రంగు బొమ్మల్లో మెడ గడ్డలు నారింజ రంగులో మెరుస్తున్నాయి. "చూశావా, చక్కెరంతా అదే తింటోంది" అన్నాడు బాబాయ్. ఆ రాత్రి నుంచి ఇంట్లో అన్నం బంద్. అదే బొమ్మలో మెదడు కూడా అంతే వెలుగుతోందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

రెండు వారాల్లో నాన్న నాలుగు కిలోలు తగ్గారు. లుంగీ నడుం మీద నిలిచేది కాదు. రక్తంలో షుగర్ మాత్రం మామూలుగానే ఉంది. తిండి ఆపితే లివర్ కండని కరిగించి మరీ గ్లూకోజ్ తయారుచేస్తుంది. గడ్డకి దాని వాటా అందుతూనే ఉంటుంది.

కీమోతో పాటు ఐదు రోజులు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. షుగర్ 280కి ఎగబాకింది. బాబాయ్ ఆస్పత్రిలోనే గొడవ పెట్టుకున్నాడు. రెండో సైకిల్ అయ్యేసరికి మెడ గడ్డ చేతికి తగల్లేదు. షుగర్ పెంచిన ఆ స్టెరాయిడే లింఫోమా కణాలను చంపే మందుల్లో ఒకటి. ఇంతకంటే రుజువు నాకక్కర్లేదు.

వాట్సాప్‌లో జర్మన్ శాస్త్రవేత్త వార్‌బర్గ్ పేరు తెగ తిప్పుతారు. ఆక్సిజన్ ఉన్నా క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ని లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తాయని ఆయన 1920ల్లో చూపించిన మాట నిజమే. 1931లో నోబెల్ ఇచ్చింది మాత్రం దానికి కాదు, శ్వాసక్రియ ఎంజైమ్ మీద పనికి. పైగా ఈ కణాలు మొండివి. గ్లూకోజ్ తగ్గితే గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లంతో, కొవ్వుతో నెట్టుకొస్తాయి. గ్లూకోజ్‌ని పట్టే హెక్సోకైనేజ్ అనే ఎంజైమే చాలా క్యాన్సర్లలో కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకి అతుక్కుని, కణం తనను తాను చంపుకోకుండా అడ్డుపడుతుంది. మనం కంచంలో చక్కెర తీసేస్తే అది ఊడి రాదు.

కణాలను మాడ్చి చంపే మందులు నిజంగానే ఉన్నాయి. పిల్లల లుకీమియా(రక్త క్యాన్సర్)లో వాడే ఆస్పరాజినేజ్, ఆ కణాలు సొంతంగా చేసుకోలేని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని రక్తంలోనే విరిచేస్తుంది. మెథోట్రెక్సేట్ అనే మరో మందు ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌లా నటించి కణానికి డీఎన్ఏ సరుకు అందకుండా చేస్తుంది. దాని వెనక ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. ఆయన పేరు మీద ఒక్క ఫార్వర్డూ రాదు, గోధుమగడ్డి రసం మీద రోజుకి పది వస్తాయి. ఒళ్లు మండిపోతుంది.

మామగారికి షుగర్ జబ్బు ఉంటే ఎంత పెట్టాలో డాక్టర్‌ని అడగండి. లేకపోతే మెత్తగా పెరుగన్నం కలిపి పెట్టండి, పక్కన ఉడికించిన గుడ్డు. మా నాన్న మొదట తిన్నది అదే.