మాడిన గిన్నె సంగతి రాయి

చిరంజీవికి,

నీ వంజంగి యాత్ర వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి కూడా ఆ కోపం పోలేదు గానీ, ఏడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మామూలుగా ఉత్తరాలకి జవాబివ్వడానికి నెలలు తీసుకునేదాన్ని, నీకు మర్నాడే రాయడానికి కూర్చోవడం ఆ వాక్యం వల్లే.

నీ తెలుగు బాగుంది, చదివిస్తుంది. ఇక ఆ మాట పక్కన పెడదాం.

ముందు కోపం సంగతి. అద్దెకారులో నలుగురు స్నేహితులు నర్సీపట్నం మీదుగా ఘాటెక్కి, లంబసింగి, చింతపల్లి చూసుకుని, పాడేరు దగ్గర వంజంగి కొండ కింద టెంటు వేసుకున్నారు. మూడు రాళ్లు పెట్టి, పుల్లలు ఏరుకొచ్చి కందిపప్పు వండారు. "పావుగంటలో పప్పు వెన్నలా ఉడికిపోయింది" అని రాశావు. బాబూ, నేను నలభై ఏళ్లకు పైగా పప్పు వండుతున్నాను. కుక్కర్ లేకుండా కందిపప్పు పావుగంటలో ఉడకదు. ఇంట్లో గ్యాసు మీద, గంటసేపు నానబెట్టి వండినా ముప్పావుగంట పడుతుంది. మీరున్నచోటు దాదాపు 900 మీటర్ల ఎత్తు. పైకి వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి, 300 మీటర్లకి సుమారు ఒక డిగ్రీ చొప్పున. విశాఖలో 100 డిగ్రీలకి మరిగే నీళ్లు అక్కడ 97కే మరుగుతాయి. దానికి తోడు చలిగాలి. మంట ఒక పక్కకే కొడుతుంది, రెండో పక్క గిన్నె చల్లారుతూనే ఉంటుంది. ఇవన్నీ చాలనట్టు టమాటాలూ చింతపండూ పప్పుతోపాటే వేశామని నువ్వే రాశావు. పులుపు పడ్డాక పప్పు బిగుసుకుంటుంది. ఇంకెంతసేపు ఉడికించినా పలుకు ఓ పట్టాన పోదు.

ఇది వంట పాఠం అనుకోకు. పప్పు ఉడకలేదని నీకు తెలుసు. ఉడికిందని రాశావు. నా బాధ అదే.

ఇప్పుడు ఏడో పేజీ. "తెల్లవారుజామున నాలుగింటికి ముగ్గురం టార్చిలైట్లతో కొండెక్కాం, ఒకడు మాత్రం మాడిన గిన్నె తోముతూ కిందే ఉండిపోయాడు." అంతే. ఆ తర్వాత మూడు పేజీలు కొండమీంచి చూసిన మేఘాలు. అతను మళ్లీ కనపడడు. అతనికి పేరైనా లేదు.

పావుగంటలో ఉడికిన పప్పు గిన్నె ఎందుకు మాడుతుంది? ఆ రాత్రి ఏం జరిగిందో నేను చెప్తాను, తప్పయితే దిద్దు. పప్పు ఎంతకీ ఉడకలేదు. ఆకలి మీద ఉన్నారు. ఎవరో ఇంకో నాలుగు పుల్లలు ఎగదోశారు. నీళ్లు ఇగిరిపోయాయి. మళ్లీ పొయ్యడానికి క్యాన్లో నీళ్లు లేవు, చీకట్లో గెడ్డ దాకా, అదే ఆ కొండవాగు దాకా, వెళ్లడానికి ఎవరూ లేవలేదు. అడుగంటింది. పైన పలుకు, కింద మాడు. ఎవరో ఒక మాట అన్నారు. ఇంకెవరో ముభావంగా పడుకున్నారు. గిన్నె ఎవరిదో, ఎవరమ్మ ఇచ్చి పంపిందో, అతనే దిగులుపడి ఉంటాడు. పొద్దున్న మీరు ముగ్గురూ కొండెక్కారు, అతను గిన్నె దగ్గర కూర్చున్నాడు. నీ వ్యాసం ఇక్కడుంది నాయనా. పదహారు పేజీల్లో ఇదొక్క వాక్యం నీకు తెలియకుండా జారిపోయింది, అదొక్కటే నిజం.

నేను జీవితమంతా నమ్ముతున్నది ఒకటే. ప్రయాణం గురించి రాసేవాళ్లు నీళ్లు ఎక్కడివో, పొయ్యి ఎవరు వెలిగించారో, గిన్నెలు ఎవరు తోమారో రాసి తీరాలి. అది రాయకపోతే ఆ ఊరికి వెళ్లినట్టే కాదు. మన తెలుగులో యాత్రారచనకి మొదలు అలాగే పడింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, వందమంది పరివారంతో పదిహేను నెలలు తిరిగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఆ 'కాశీయాత్ర చరిత్ర' తెరిస్తే మజిలీ మజిలీకీ ఏముంటుంది? బావి ఉందా, అంగళ్లున్నాయా, ఏ సరుకులు దొరుకుతాయి, దారి రాళ్లా ఇసకా, దిగడానికి చోటుందా. వందమందికి రోజూ అన్నం పెట్టాల్సిన మనిషి చూపు అది. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ ఊళ్లు నాకు కళ్లకు కట్టినట్టు ఉంటాయి. నీ వంజంగి నిన్ననే చదివాను, నాకు కనపడలేదు. "మేఘాల సముద్రం" అని ఐదుసార్లు రాశావు. ఆ మాట ఇప్పుడు ప్రతి ఒక్కరి నోటా ఉంది.

అలాంటిదే ఇంకొకటి. లంబసింగిని "ఆంధ్రా కాశ్మీర్" అన్నావు, అరకుని "ఆంధ్రా ఊటీ" అన్నావు. మన కొండకి పేరే లేనట్టు పక్కవాళ్ల పేరు తగిలించడం నాకు ఏనాడూ గిట్టలేదు. లంబసింగికి అక్కడివాళ్ల నోట్లో కొర్రబయలు అని పేరుంది. బయట ఉండిపోతే చలికి కర్రలా బిగుసుకుపోతారని అర్థం చెప్తారు. ఆ ఒక్క పేరు ముందు నీ చలి వర్ణన పేజీ ఏపాటి? పాడేరు నుంచి అరకు వచ్చే దారిలో "పసుపు తివాచీ" చూశానన్నావు. అవి వలిసె పూలు. తివాచీ కాదు, పంట. గింజల నుంచి నూనె తీస్తారు. కారు ఆపి ఫొటో తీసుకున్నారు కదా, గట్టు మీదున్న మనిషిని అడిగితే చెప్పేవాడు.

ఫొటోలు జత చెయ్యాలా అని అడిగావు. వద్దు. పత్రికలవాళ్లు ఫొటోకి అరపేజీ ఇచ్చి, ఆ అరపేజీ నీ వాక్యాల్లోంచి కోస్తారు. నాకు అనుభవమే.

1986లో విశాఖ నుంచి నలుగురం ఆడవాళ్లం, కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాళ్లం, ఒక పాత అంబాసిడర్‌లో అరకు వెళ్లాం. మగతోడు లేకుండా వెళ్లడమేమిటని మా ఇళ్లల్లో వారం రోజులు గొడవ. డ్రైవింగ్ వచ్చింది మాలో ఒక్కదానికే. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు సగం ఎక్కేసరికి రేడియేటరు మరిగిపోయింది. బానెట్ ఎత్తి, ఇంజను చల్లారేదాకా అరగంట కూర్చుని, మా మరచెంబుల్లో తాగేనీళ్లన్నీ దానికి పోశాం. ఇక వంటకి చుక్క లేదు. పై మలుపులో కొండవాలు నుంచి సన్నటి ధార కారుతుంటే, చెంబు నిండడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ గుర్తుంది. తీరా డిక్కీ తెరిస్తే స్టవ్‌లో కిరసనాయిలు ఒలికి బియ్యం సంచిలోకి దిగింది. వేరే బియ్యం లేవు. నాలుగుసార్లు కడిగి, ఆ కష్టపడి పట్టిన నీళ్లే కడుగుళ్లకి పోసి, అన్నం వండాం. కాఫీ తోట పక్కన, మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల కింద కూర్చుని, ఆవకాయ దట్టంగా కలుపుకుని తిన్నాం. వాసన పోలేదు. అయినా గిన్నె ఖాళీ అయింది.

తిరిగొచ్చి పన్నెండు పేజీలు రాశాను. ఒక వారపత్రిక తీసుకుంది. అచ్చయినప్పుడు మూడు పేజీలు మిగిలాయి. రేడియేటరు లేదు, బియ్యం లేదు, స్టవ్ లేదు. లోయలూ జలపాతాలూ ఉన్నాయి, పేరు "అరకు అందాలు" అని మార్చారు. వెళ్లి అడిగితే ఆ సంపాదకుడు, "అమ్మా, ఆ వంట సంగతులు మహిళల పేజీకి పంపండి, ఇది యాత్రా శీర్షిక" అన్నాడు. మగవాడు కారు చెడిపోయిందని రాస్తే సాహసం, ఆడది అన్నం వండానని రాస్తే వంటల పేజీ! ఆ మాట నేను మర్చిపోలేదు, క్షమించనూ లేదు.

అయితే అంతకన్నా ఎక్కువగా తగిలింది వేరే ఉంది. ఆ పత్రిక పట్టుకుని, మమ్మల్ని ఘాటెక్కించి దింపిన స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. ఆమె మొత్తం చదివి, "నేనెక్కడున్నానే ఇందులో?" అని అడిగింది. ఆమె గురించి రాసినవన్నీ కోతలో పోయాయి. సంపాదకుడు కోశాడని చెప్పాను. కోస్తుంటే ఎందుకు ఒప్పుకున్నావని అడగలేదు ఆమె. అడిగుంటే జవాబు లేదు. అచ్చులో పేరు చూసుకోవాలని ఒప్పుకున్నాను. ఆమె ఇప్పుడు లేదు.

మీ కారు ఎవరు నడిపారు? నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న అద్దెకారు అని రాశావు, అంటే డ్రైవరు లేకుండా మీలో ఒకరే నడుపుకునే కారు. మంచి వివరం అది, ఉంచు. కానీ స్టీరింగు దగ్గర మనిషి లేడు. కారు తనంతట తనే "పాములా మెలికలు తిరుగుతూ" ఘాటెక్కింది. నడిపేవాడికి లోయ కనపడదు, రోడ్డు అంచు కనపడుతుంది. ఎక్కే బండికి దారివ్వాలి కాబట్టి దిగేటప్పుడు మలుపు మలుపుకీ ఆగాలి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే కాలిన వాసన వస్తుంది, రెండో గేరులో దించాలి. వెనక సీట్లో మీరు పాటలు పాడుతుంటే అతని భుజాలు ఎలా ఉన్నాయో చూశావా? గిన్నె తోమినవాడూ అతనేనా? నాకెందుకో అతనే అనిపిస్తోంది.

తిరగరాయి. మేఘాలకి ఒక్క పేజీ చాలు. పప్పు ఉడకని రాత్రికి ఎన్ని పేజీలు పట్టినా పరవాలేదు. ఈసారి వెళ్తే పెసరపప్పు పట్టుకెళ్లండి, కుక్కర్ లేకపోయినా తొందరగా ఉడుకుతుంది. పులుపు చివర్లో వెయ్యండి.

రాయడానికి కూర్చునే ముందు ఆ అబ్బాయికి ఫోన్ చెయ్యి. గిన్నె దేంతో తోమాడో అడుగు, పొయ్యిలో బూడిదతోనా, గెడ్డలో ఇసకతోనా. ఆ వేళప్పుడు నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో అడుగు. సూర్యుడు పైకి వచ్చినప్పుడు కొండమీద మీరంతా కేకలు వేశారని రాశావు కదా, ఆ కేకలు కిందికి వినిపించాయేమో అడుగు. అతను ఏం చెప్తే అది, అతని మాటల్లోనే రాసుకో. పేరుతో సహా.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసున్న ఒక రచయిత్రి