రివ్యూలు మొదలుపెడుతున్న అమ్మలుకి

అమ్మలూ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. ఉద్యోగం చేసుకుంటూనే డిటెక్టివ్, హారర్, సైన్స్ ఫిక్షన్ నవలల మీద రివ్యూలు రాయబోతున్నావట. మన ఇంట్లో నా తర్వాత ఈ పుస్తకాలను ఇంత ప్రేమగా చదివేదానివి నువ్వే. ఆ మాట విని ఎంత పొంగిపోయానో! కానీ ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అంది. మొదటి రివ్యూ నీ హాస్టల్ ఫ్రెండ్ రాసిన హారర్ నవల మీదేనట. ఇక నాకు నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో పెడితే సగం చదివి వదిలేస్తావని కాయితం మీద రాసి పోస్టులో వేస్తున్నాను. పూర్తిగా చదువు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. పుస్తకం ఆఖరి పేజీ దాకా చదివాకే రాయి. హంతకుడెవరో చెప్పకు, ఆఖర్లో పెద్ద మలుపుందని చెప్పినా సగం చెప్పేసినట్టే. పుస్తకం ఎవరు వేశారో, వెల ఎంతో, ఎక్కడ దొరుకుతుందో రాయి. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇక అసలు సంగతి. ఈ నవలలు రాసేవాళ్లకీ వాటి మీద రాసేవాళ్లకీ స్నేహం కుదరకుండా ఉండదు. మా రోజుల్లో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ కోసం, మధుబాబు గారి షాడో కోసం అద్దె లైబ్రరీల చుట్టూ తిరిగేవాళ్లం. పెద్ద విమర్శకులు మాత్రం వాటిని కాలక్షేపం సరుకని పక్కన పెట్టేవాళ్లు. ‘సమీక్షకు రెండు ప్రతులు పంపాలి’ అని పత్రికలో వేస్తే, నాలాగా ఆ నవలలు రాసేవాళ్లం పోస్టు ఖర్చు పెట్టుకుని పంపేవాళ్లం. కొన్నాళ్లకి ‘అందిన పుస్తకాలు’ అనే జాబితాలో మన పేరు, వెల కనిపించేవి, అంతే. అలాంటప్పుడు ఎవరో ఒకరు మన నవలను శ్రద్ధగా చదివి, పలానా చోట క్లూ ఎంత బాగా దాచారో అని నాలుగు మాటలు రాస్తే ప్రాణం లేచి వచ్చేది. ఆ రాసిన మనిషి ఎవరో తెలుసుకుని ఉత్తరం రాస్తాం, వాళ్లు జవాబిస్తారు. అలా స్నేహం మొదలవుతుంది. ఇది తప్పని నేను అనను. బయటివాళ్లు పట్టించుకోని చోట మనకి మనమే కదా దిక్కు.

ఇంగ్లండులోనూ ఇంతే. డిటెక్టివ్ నవలా రచయితలు 1930లో డిటెక్షన్ క్లబ్ అని పెట్టుకున్నారు. పాఠకుడికి ముఖ్యమైన ఆధారం ఏదీ దాచబోమని అందులో చేరేవాళ్లు ప్రమాణం చేసేవాళ్లు. ఆ క్లబ్బులో పేరున్న డొరొతీ సేయర్స్, 1933 నుంచి 1935 దాకా సండే టైమ్స్ పత్రికలో డిటెక్టివ్ నవలల మీద సమీక్షలు రాసింది. తనూ అవే నవలలు రాస్తుంది, తోటి రచయితలతో కలిసి భోంచేస్తుంది, మళ్లీ ఆ రకం పుస్తకాల మీదే తీర్పు చెప్పాలి. ఆ కుర్చీలో కూర్చోవడం ఎంత కష్టమో నువ్వు ఇప్పటినుంచే ఆలోచించుకోవాలి.

నా రెండో నవల సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మొదటి నవల ఒక వీక్లీలో సీరియల్‌గా వస్తున్నప్పుడు నాకో ఉత్తరం వచ్చింది. కాలేజీలో పాఠాలు చెప్పే ఒకావిడ రాసింది. ఆమె పేరు ఇక్కడ రాయను. నా కథలో నాగులచవితి నాటి అర్ధరాత్రి హత్య జరుగుతుంది, వెన్నెల్లో కాపలావాడు హంతకుడి మొహం చూస్తాడు. ‘శుద్ధ చవితి చంద్రుడు రాత్రి భోజనాల వేళకే అస్తమిస్తాడండీ, అర్ధరాత్రి వెన్నెల ఎక్కడిది?’ అని ఆమె అడిగింది. సాక్ష్యమంతా ఆ వెన్నెల మీదే ఆధారపడి ఉంది! సిగ్గుపడ్డాను, ఆ వెంటనే ఆ మనిషిని చూడాలనిపించింది. పుస్తకంగా వేసేటప్పుడు కాపలావాడి చేతిలో లాంతరు పెట్టి దిద్దుకున్నాను.

అలా కలిశాం. ఆదివారాలు ఆమె మా ఇంటికి వచ్చేది. మీ పెదనాన్న కాఫీ కలిపి ఇచ్చి, మా ఇద్దరినీ వదిలేసి పేపరు తీసుకుని వెళ్లిపోయేవారు. హత్య ఎలా చేయించాలి, విషం ఎక్కడ దొరుకుతుంది అని మేం మాట్లాడుకుంటుంటే పక్కింటావిడ భయపడేది. తర్వాత ఆమె ఒక పత్రికలో నవలల మీద సమీక్షలు రాయడం మొదలుపెట్టింది. ముక్కుసూటిగా రాసేది. ఆమె బాగుందంటే పుస్తకం కదిలేది.

నా రెండో నవల ప్రూఫులు ఆమె మా ఇంట్లోనే కూర్చుని చదివింది. అక్షరదోషాలు దిద్ది ఇచ్చింది. పుస్తకం వచ్చాక సమీక్ష రాసింది, ఊపిరి బిగబట్టి చదివిస్తుందని. నేను ఆ పేజీ కత్తిరించి దాచుకున్నాను. పుస్తకాలు బాగానే పోయాయి. ఒకరోజు మా వీధి చివర అద్దె లైబ్రరీ ఆయన, ‘అమ్మా, మీరేమీ అనుకోకండి. తీసుకెళ్లినవాళ్లు తిట్టుకుంటూ తెచ్చిస్తున్నారు. కథంతా ఒకళ్లనీ ఒకళ్లనీ అనుమానించేలా చేసి, అంతవరకూ కనబడనివాణ్ని ఆఖర్లో తెచ్చి హంతకుడన్నారంట కదా’ అన్నాడు. ఇంటికొచ్చి నా నవల నేనే మళ్లీ చదివాను. నిజమే. పాఠకుణ్ని మోసం చేసిన నవల అది.

ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్లి అడిగాను. ఆమె తల వంచుకుని, ‘ప్రూఫుల్లోనే చూశాను. అచ్చుకి వెళ్లిపోతోంది కదా, ఇప్పుడు చెప్పి నీ మనసు కష్టపెట్టడం ఎందుకని ఊరుకున్నాను. తర్వాత రాయక తప్పలేదు, ఉన్నదున్నట్టు రాస్తే నువ్వు బాధపడతావని అలా రాశాను’ అంది.

ఆమె చెడ్డది కాదు అమ్మలూ. ప్రేమతోనే చేసింది. కానీ ఏం జరిగిందో చూడు. నా మూడో నవల చదివి, ఇంతవరకూ రాసిన వాటిలో ఇదే మంచిదని చెప్పింది. నేను నమ్మలేకపోయాను. ఆమె మొహం వంకే చూస్తూ, ఇందులో ఏం దాస్తోందో అని వెతికాను. బాగున్న ముగింపుని మార్చి మార్చి పాడుచేశాను. మొదటి నవలని మెచ్చుకున్న మాటల మీద కూడా అనుమానం వచ్చింది. అటు ఆమె పాఠకులూ ఊరుకోలేదు. స్నేహితురాలి పుస్తకమని పొగిడారా అని పత్రికకి ఉత్తరాలు రాశారు. కొన్నాళ్లకి ఆమె సమీక్షలు మానేసింది, ఆదివారాలు రావడమూ తగ్గిపోయింది. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేసుకుంటాం. మోకాళ్ల నొప్పులు, మనవలు, బీపీ మాత్రలు అన్నీ మాట్లాడుకుంటాం. పుస్తకాల మాట మాత్రం ఇద్దరం ఎత్తం. వెన్నెల లేదని చెప్పిన ఉత్తరంతో దొరికిన స్నేహితురాలు మెచ్చుకోలు సమీక్షతో దూరమైంది. నీకూ ఆ అమ్మాయికీ ఇలా కాకూడదనే నా భయమంతా.

మీ పెదనాన్న ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత సైన్స్ ఫిక్షన్ పుస్తకాలు ఇంకా అటక మీదే ఉన్నాయి. వాటి పిచ్చితోనే ఆయన డేమన్ నైట్ కథ నాకు చెప్పారు. అమెరికాలో సైన్స్ ఫిక్షన్‌ని నిక్కచ్చిగా సమీక్షించిన మనిషి ఆయన. 1956లో మిల్ఫర్డ్ అనే ఊళ్లో రచయితలు ఒకరి రాతలు ఒకరు చదివి విమర్శించుకునే సమావేశాలు మొదలయ్యాయి. వాటిని మొదలుపెట్టినవాళ్లలో నైట్ ఒకరు, జూడిత్ మెరిల్ ఇంకొకరు. 1960లో మెరిల్ నవల మీద నైట్ రాసిన సమీక్షని ఉన్నదున్నట్టు వేయడానికి పత్రిక ఒప్పుకోలేదు. ఆయన ఆ పత్రికకి సమీక్షలు రాయడమే మానేశారు. నీకు అంత పంతం ఉండాలనను. కలిసి కూర్చున్న మనిషి పుస్తకం గురించి కూడా నిజమే రాయాలని ఆయన అనుకున్నారు చూడు, అది నాకు నచ్చింది.

కాబట్టి ఆ అమ్మాయితో ముందే మాట్లాడుకో. రాతప్రతి చదివి సాయం చేశావంటే ఇక ఆ పుస్తకం మీద రివ్యూ రాయకు. చదివేటప్పుడు మాత్రం ఏమీ దాచకు, అచ్చుకి వెళ్లే ముందు రోజైనా సరే ఫోన్ చేసి చెప్పు. ఏడిస్తే పక్కన కూర్చో. ముందుమాట రాసినా, వెనక అట్ట మీద నీ పేరుతో రెండు వాక్యాలు వేసినా, ఆవిష్కరణ సభలో శాలువా కప్పించుకున్నా ఇంతే, ఆ పుస్తకానికి నువ్వు సమీక్షకురాలివి కావు. మన సభల్లో వేదికెక్కి పుస్తకంలో లోపముందని చెప్పినవాళ్లని ఎంతమందిని చూశావు?

తెలిసినవాళ్ల పుస్తకం గురించి ఎక్కడైనా మాట్లాడాల్సి వస్తే మొదటి వాక్యంలోనే వాళ్లు నీ స్నేహితులని చెప్పు. ఊరికే వచ్చిన కాపీ అయితే అదీ చెప్పు. సోషల్ మీడియాలో వస్తువులని మెచ్చుకునేవాళ్లకి 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన సూచనల్లో, ఉచితంగా వచ్చిన వాటితో పాటు కుటుంబ, వ్యక్తిగత సంబంధాలని కూడా బయటపెట్టాలని ఉంది. చట్టం చెప్పకపోయినా నువ్వు చెప్పాల్సిందే.

ఇంకొకటి, నీ నోరు. చిన్నప్పటినుంచీ నీకు మాట తూటాలా వస్తుంది. పుస్తకాన్ని ఎంతైనా అను, రాసిన మనిషిని అనకు. చాలామంది సొంత డబ్బుతో, ఇంట్లోవాళ్లకి సర్దిచెప్పుకుని, కొద్ది కాపీలు వేసుకుంటారు. నీ రివ్యూ కింద నవ్వే బొమ్మలు పెట్టేవాళ్ల కోసం వాళ్లని నలుగురిలో నవ్వులపాలు చేశావని తెలిసిందా, నేనే వచ్చి చెవి మెలిపెడతాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదేమో, నీ పీజీ చిరునామా ఏ రచయితకీ ఇవ్వకు. ఎంత మర్యాదగా మాట్లాడినా సరే. అమెరికాలో ఒక రచయిత్రి తన పుస్తకాన్ని ఘాటుగా విమర్శించిన పాఠకురాలి చిరునామా వెతికి పట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది. 2014లో గార్డియన్ పత్రికలో ఆ సంగతి తనే రాసుకుంది. ఒంటరిగా ఉండే పిల్లవి. కొరియర్లన్నీ మన విజయవాడ ఇంటికి రానీ, పెదనాన్న తీసుకుని నీకు పంపిస్తారు. రాత్రి పదకొండింటికి ‘నాలుగు స్టార్లేనా?’ అని మెసేజ్ పెట్టేవాళ్లకి జవాబివ్వకు. పొద్దున ఒక్కసారి మర్యాదగా చెప్పి వదిలేయి. మళ్లీ విసిగిస్తే నాకు చెప్పు.

నీ ఫ్రెండ్ పుస్తకాన్ని మాత్రం డబ్బిచ్చి కొను, ఊరికే తీసుకోకు. నీ ఆఫీసులో నలుగురి చేత కొనిపించు. స్నేహితురాలిగా చేయాల్సింది అది. నీ మొదటి రివ్యూకి ముక్కూ మొహం తెలియనివాళ్ల నవల ఏదైనా తీసుకో. ఆ అమ్మాయికి సమీక్ష కావాలంటే నేను రాస్తాను. ఆమె ఎవరో నాకు తెలియదు, మొహమాటం లేదు. నీ పెద్దమ్మనన్న సంగతి మొదటి వాక్యంలోనే రాస్తాను. అందుకు ఆమె ఒప్పుకుంటేనే ఒక కాపీ పంపు, డబ్బు మీ అమ్మ ఖాతాలో వేస్తాను. హారర్ కాబట్టి పగలే చదువుతాను.

వేళకి తిను.

పెద్దమ్మ