బడికి నువ్వు రావద్దంటోంది మా పాప

ప్రశ్న: నా వయసు 34. మాది జగిత్యాల దగ్గర పల్లె. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియం, తర్వాత బీకాం. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాం. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటే నోరు పెగలదు. పోయినసారి పేరెంట్స్ మీటింగులో 'పాప ప్రాజెక్టు ఇవ్వలేదా?' అని టీచర్ ఇంగ్లీషులో అడిగితే 'ఎస్ మేడమ్' అన్నాను. ఇవ్వలేదని నా ఉద్దేశం. ఆవిడ ఇచ్చిందనుకుంది. మావారు ఇంటికొచ్చి మా ఆడపడుచు వాళ్ల ముందు 'ఎస్ మేడమ్' అంటూ నన్ను అనుకరిస్తే అందరూ నవ్వారు. ఇప్పుడు నాలుగో తరగతి చదివే మా పాప 'నువ్వు రావద్దు, డాడీ వస్తే చాలు' అంటోంది. ఆరు వేలు కట్టి ఆన్‌లైన్ కోర్సులో చేరి ఎనిమిది రోజులకే మానేశాను. మీటింగు ముందు రాత్రి నిద్ర పట్టదు. ఇంకో మాట, పాప రెండు నెలలుగా లంచ్ బాక్సు సగం కూడా తినకుండా తెస్తోంది. టీచర్‌ని అడగమంటే మావారు మర్చిపోయానన్నారు.

జవాబు: ముందు ఆ 'ఎస్ మేడమ్' సంగతి చూద్దాం. 'ఇవ్వలేదా?' అని అడిగితే మనం 'అవును, ఇవ్వలేదు' అంటాం. అడిగినవాళ్ల మాట నిజమే అని ఒప్పుకోవడం అది. ఇంగ్లీషులో అలా కుదరదు. జరగని పనికి 'నో' అనే చెప్పాలి. మీరు తెలుగులో సరిగ్గా ఆలోచించి ఇంగ్లీషులో జవాబిచ్చారు, అంతే. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లూ ఇక్కడ పొరబడతారు, మీవారితో సహా. ఈసారి ఆయన ఫోన్ మాట్లాడుతుంటే గమనించండి. (గమనించమన్నాను, ఎత్తిచూపమనలేదు.)

పరభాషలో మాట్లాడేటప్పుడు వచ్చే ఈ భయం మీ ఒక్కరిదే కాదు. 1986లో ఇలేన్ హార్విట్జ్ అనే భాషాబోధన పరిశోధకురాలు, ఆమె సహచరులు దీన్ని మామూలు బెరుకు నుంచి విడదీసి, కొలవడానికి 33 వాక్యాల ప్రశ్నావళే తయారుచేశారు. తప్పు మాట్లాడితే ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అన్న బెంగ ఇందులో పెద్ద భాగం. మీ విషయంలో ఆ ఎదుటివాళ్లు స్కూల్లో లేరు, ఇంట్లోనే ఉన్నారు. ఆరు వేల కోర్సు పనిచేయకపోవడం నాకు వింతగా అనిపించలేదు. అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటర్లో చేరినా సాయంత్రం ఆ ఇంటికే కదా రావాలి.

అందుకని మొదటి పని మీవారితో మాట్లాడటం. నవ్విన రోజే వద్దు, ఇంకో రోజు, పాప పడుకున్నాక, టీవీ కట్టేశాక. 'నా తప్పులు నాకు చెప్పండి, కానీ నలుగురిలో వద్దు. మీరు నవ్వితే పాప కూడా నేర్చుకుంటోంది' అనండి. అంతకుమించి పాత లెక్కలు తీయకండి. చాలామంది మగవాళ్లకు అది సరదా మాత్రమే, గుచ్చుకుంటోందని నిజంగానే తెలియదు. చెప్పాక కూడా ఆపకపోతే అది ఇంగ్లీషు సమస్య కాదు, అప్పుడు మళ్లీ రాయండి.

పాప మీద కోపం వద్దు. తొమ్మిదేళ్ల పిల్లకు అమ్మంటే చులకన ఉండదు, తోటిపిల్లలు నవ్వుతారేమో అన్న భయం ఉంటుంది. మీకున్న భయమే అది. పిల్లల్నే టీచర్లుగా పెట్టుకోమని కొందరు చెబుతారు. నాకు అది పూర్తిగా నచ్చదు, అడుగడుగునా తప్పు పట్టే అధికారం చిన్నపిల్ల చేతికి ఇవ్వకూడదు. రాత్రి కథల పుస్తకం తీసి ఒక పేజీ తను, ఒక పేజీ మీరు పైకి చదవండి. తప్పులుంటే పేజీ అయ్యాకే చెప్పాలని ముందే ఒప్పందం చేసుకోండి.

ఇక మాట్లాడటం. నేను పీజీలో చేరిన కొత్తలో సెమినార్‌లో ఒక వాక్యాన్ని మనసులో దిద్దుకుంటూ కూర్చుంటే, నోరు తెరిచేసరికి చర్చ రెండు విషయాలు దాటిపోయింది. మన భాషలో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో మొదట్లోనే కావాలి. పొడుగు వాక్యం మొదలుపెడితే ఆ తిరగేతలోనే ఇరుక్కుపోతాం. కాబట్టి ముక్కలు చేయండి. 'షి ఈజ్ నాట్ ఈటింగ్ లంచ్. టూ మంత్స్. ఇన్ క్లాస్, ఈజ్ షి ఓకే?' ఇది చాలు. బుక్‌ను 'బుక్కు' అన్నా ఫరవాలేదు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, నాలుకకు ఆ అలవాటు పోదు, పోవాల్సిన అవసరమూ లేదు.

ఈ మూడు ముక్కల్ని మనసులో కాదు, పైకి అనండి. బట్టలు మడతపెడుతూ వాట్సాప్‌లో మీ నంబరుకే వాయిస్ మెసేజ్ పంపుకుని వినండి. మొదటిరోజు మీ గొంతు మీకే నచ్చదు, నాలుగోరోజుకి అలవాటవుతుంది. తర్వాత గ్యాస్‌కో రీచార్జికో కస్టమర్ కేర్‌కి చేసినప్పుడు ఇంగ్లీషు నంబరు నొక్కండి. అటువైపు మనిషికి మీరెవరో తెలియదు, మీ ఆడపడుచూ అక్కడుండదు.

నిద్ర పట్టకపోవడం మీటింగుల ముందే కాకుండా మామూలు రోజుల్లోనూ ఉంటే, తెలుగులో మాట్లాడేటప్పుడూ గుండె దడ వస్తుంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

వచ్చే మీటింగుకి మీరు వెళ్లండి. మీవారు వస్తే రానివ్వండి, కానీ టీచర్ ఎదురుగా ఉన్న కుర్చీ మీది. కూర్చోగానే లంచ్ బాక్సు మాటే ముందు అడగండి. టీచర్ గబగబా చెప్పేస్తే 'స్లోగా చెప్పండి మేడమ్, తెలుగైనా సరే' అనండి. హైదరాబాద్ స్కూల్లో టీచర్‌కి తెలుగు వచ్చే అవకాశమే ఎక్కువ. పాప అన్నం ఎందుకు వదిలేస్తోందో తెలిశాక నాకూ ఒక ముక్క రాయండి.