ఇద్దరమే సెయిల్ బోట్ మీద పసిఫిక్ దాటాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉంటున్నాం, పాత సెయిల్ బోట్ (తెరచాప పడవ) కొన్నాం, ఏడాదిలో సిద్ధమై మెక్సికోకి, వీలైతే అక్కడి నుంచి ఫ్రెంచ్ పాలినీషియాకి వెళ్లాలని ఉంది, ముందు దేని మీద డబ్బు పెట్టాలి అని అడిగారు. మా ఆయనా నేనూ బే ఏరియాలోనే ఉన్న అలమేడా నుంచి ఇదే దారిలో వెళ్లాం కాబట్టి రాస్తున్నాను. డబ్బు సంగతి తర్వాత. ముందు ఒకటి చూసుకోండి: మీలో ఒకరు నిద్రపోతుంటే రెండోవారు ఒంటరిగా ఆ పడవ నడపగలరా?

తీరం వదిలాక పడవ రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది. ఒకరు మేలుకుంటే ఒకరు పడుకోవాలి. పేరుకి ఇద్దరు గానీ, ఏ సమయంలో చూసినా పడవ బాధ్యత ఒక్కరి మీదే ఉంటుంది. చాలా జంటల్లో ఆయన కెప్టెన్, ఆవిడ వంటమనిషి. ఆ కెప్టెన్‌కి నడిసముద్రంలో జ్వరం వస్తే పరిస్థితి ఏమిటి? అందుకే మేం సెయిలింగ్ క్లాసులు కూడా విడివిడిగా తీసుకున్నాం. భర్త పక్కనే ఉంటే చుక్కాని ఎలాగూ ఆయన చేతికే పోతుంది. తర్వాత ప్రతి శనివారం బేలోకి వెళ్లి, నేను తెరచాపలెత్తి, తగ్గించి, లంగరు వేసి, మళ్లీ రేవులో కట్టేవరకు ఆయన కింద కేబిన్‌లోనే కూర్చునేవారు. పిలిస్తే తప్ప పైకి రాకూడదని ఒప్పందం.

మనిషి నీళ్లలో పడితే ఎలా అన్నదీ అలాగే సాధన చేయండి. వెనక్కి తిప్పుకుని దగ్గరికి రావడం సగం పనే. తడిసిన బట్టలతో ఉన్న ఎనభై కిలోల మనిషిని మూడు నాలుగు అడుగుల ఎత్తుకి లాగడం చేతులతో అయ్యే పని కాదు. హాఫ్ మూన్ బే దగ్గర పిల్లర్ పాయింట్ హార్బర్‌లో లంగరు వేసి, మా ఆయన వెట్‌సూట్ వేసుకుని నీళ్లలోకి దిగారు. ఆయన ఒంటికి కట్టుకున్న పట్టీల హార్నెస్‌కి తెరచాప ఎత్తే తాడు తగిలించి, నేను ఆ తాడుని చుట్టి లాగే వించ్ తిప్పాను. ఒక్కో చుట్టుకి రెండంగుళాలు లేచేవారు. చేతులు పడిపోయాయి గానీ పైకి తెచ్చాను. ఆ రోజే నాకు ఈ ప్రయాణం మీద నమ్మకం కుదిరింది. ఆ తర్వాత మా పడవ మీద ఒక నియమం పెట్టుకున్నాం: రాత్రిపూట రెండోవారిని లేపకుండా ఎవరూ చుక్కాని దగ్గర కూర్చునే కాక్‌పిట్ దాటి ముందుకి వెళ్లకూడదు, కాక్‌పిట్‌లో ఉన్నా హార్నెస్ తాడు తగిలించుకునే ఉండాలి.

మా అమ్మ వైపు వాళ్లు హడలిపోతే తారిణి గురించి చెప్పాను. 2017-18లో ఆ 56 అడుగుల భారత నేవీ తెరచాప పడవ మీద ప్రపంచం చుట్టిన ఆరుగురు మహిళల్లో విశాఖ అమ్మాయి స్వాతి పాతర్లపల్లి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. 2024 అక్టోబర్‌లో గోవా నుంచి అదే తారిణి మీద దిల్నా, రూప అనే నేవీ అధికారులు ఇద్దరే బయల్దేరి, ప్రపంచం చుట్టి 2025 మేలో తిరిగొచ్చారు. ఇద్దరితో అయ్యే పనే. కాకపోతే వాళ్ల శిక్షణ చూడండి, సంవత్సరాల తరబడి సముద్రం మీదే ఉన్నారు.

ఇక డబ్బు. పాత పడవ అంటున్నారు కాబట్టి మొదటి ఖర్చు మాస్ట్‌ని, అంటే తెరచాప స్తంభాన్ని, నిలబెట్టే స్టీల్ తీగల (రిగ్గింగ్) మీద పెట్టండి. అవి ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. పదీ పదిహేనేళ్లు దాటిన తీగలుంటే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు సముద్రం దాటడానికి ఒప్పుకోవు. ఒక దూది ఉండ తీసుకుని తీగ వెంబడి కింది నుంచి పైకి మెల్లగా తుడుచుకుంటూ వెళ్లండి. తెగిన పోగు ఉంటే దూది చిక్కుకుంటుంది. మా పడవలో కుడివైపు తీగకి, సరిగ్గా ఫిట్టింగ్‌లోకి దిగేచోట, చిన్న తెల్లటి దూది పోగు నిలిచిపోయింది. కంటికి ఏమీ కనపడలేదు, గోరుతో తడిమితే గుచ్చుకుంది. అన్నీ మార్పించాం.

తర్వాత పడవ అడుగున నీళ్లు వచ్చే పోయే ప్రతి రంధ్రానికీ ఉన్న వాల్వ్. బోట్‌యార్డ్‌లో పైకెత్తినప్పుడే వాటిని తిప్పి చూసి, బిగుసుకుపోయినవి మార్చేయండి. వాల్వ్ విరిగితే రంధ్రం మూయడానికి ప్రతిదాని పక్కన సరిపడే మెత్తటి చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచండి.

మూడోది విండ్‌వేన్. గాలి దిశను బట్టి తనంతట తానే చుక్కాని తిప్పే పరికరం, కరెంటు అక్కర్లేదు. ఎలక్ట్రిక్ ఆటోపైలట్ ఒక్కదాన్నే నమ్ముకుంటే, అది పాడైన రోజు నుంచి ఇద్దరూ రోజంతా వంతులేసుకుని చుక్కాని పట్టుకోవాలి. ఖరీదు ఎక్కువే, కానీ కొత్త కుషన్లు, పెద్ద స్క్రీన్లు మానుకుని అయినా ఇది కొనమంటాను. సోలార్, లిథియం బ్యాటరీల గురించి వీడియోలు బోలెడు ఉన్నాయి, నేను కొత్తగా చెప్పేదేం లేదు.

రాత్రి వంతులు మేం మూడేసి గంటలు పెట్టుకున్నాం. దిగంతంలో కనపడిన ఓడ మీ దాకా రావడానికి ఇరవై నిమిషాలు కూడా పట్టకపోవచ్చు. అందుకని చుట్టుపక్కల ఓడల్ని స్క్రీన్ మీద చూపించే ఏఐఎస్ ఉన్నా సరే, కిచెన్ టైమర్ పెట్టుకుని పదిహేను నిమిషాలకోసారి లేచి చుట్టూ చూడాల్సిందే. ఆ ఏఐఎస్‌కి, రేడియోకి వేసే ఎంఎంఎస్ఐ (పడవ గుర్తింపు) నంబర్ అమెరికా లోపల తిరిగేవాళ్లకి ఉచితంగా ఇచ్చేది కాకుండా, రేడియో లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వారి షిప్ స్టేషన్ లైసెన్స్‌తో వచ్చేది తీసుకోండి. ఉచిత నంబర్ అంతర్జాతీయ జాబితాలోకి ఎక్కదు. ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే ఎపిర్బ్‌ని అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ నోవా వద్ద రిజిస్టర్ చేయడానికి డబ్బు కట్టక్కర్లేదు, రెండేళ్లకోసారి రెన్యూ చేయాలి.

తిండి విషయంలో మనకి కలిసొచ్చినట్టు ఇంకెవరికీ రాదేమో. ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి, అటుకులు, పప్పులు, వీటిలో ఏదీ ఫ్రిజ్ అడగదు. ప్రెషర్ కుక్కర్ అయితే సముద్రం మీద వరం: మూత బిగిస్తే పడవ ఎంత ఊగినా పప్పు ఒలకదు, గ్యాస్ కలిసొస్తుంది. మొదటి రెండు మూడు రోజులు వికారంతో వంట జోలికి పోలేరు, బయల్దేరే రోజు పొద్దున్నే పులిహోర కలిపి పెట్టుకోండి. మెక్సికో మార్కెట్లలో చింతపండు, పచ్చిమిర్చి, కొత్తిమీర, మామిడి అన్నీ దొరుకుతాయి. అట్టపెట్టెలు మాత్రం పడవ ఎక్కనివ్వకండి, వాటి మడతల్లో బొద్దింక గుడ్లు వస్తాయి.

ఏడాదిలో సాధ్యమా అన్నారు. పడవ పనులకి అంతుండదు, కాబట్టి తేదీని రుతువే నిర్ణయించాలి. తూర్పు పసిఫిక్‌లో హరికేన్ సీజన్ మే 15 నుంచి నవంబర్ 30 వరకు. చాలామంది దాని జోరు తగ్గే అక్టోబర్ ఆఖర్లో, నవంబర్‌లో శాన్ డియేగో వదులుతారు. అక్కడి నుంచి మెక్సికోలోని కాబో శాన్ లూకాస్ సుమారు 750 నాటికల్ మైళ్లు, మధ్యలో టర్టిల్ బే దగ్గర పంగా అనే చిన్న పడవల్లో డీజిల్ తెచ్చి పోస్తారు, వడకట్టి పోయించుకోండి. శాన్ డియేగో చేరకముందే, గాలి జోరుగా ఉండే పాయింట్ కన్సెప్షన్ అనే తీరపు కొన ఉంది. గాలి తగ్గే అర్ధరాత్రి, తెల్లవారుజాము మధ్యలో దాన్ని దాటండి. చలికాలమంతా మెక్సికోలో గడిపి, మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడి ప్వెర్టో వయార్టా నుంచి ఫ్రెంచ్ పాలినీషియాలోని మార్కెసాస్ దీవులకి వెళ్లొచ్చు. దాదాపు 2,800 నాటికల్ మైళ్లు, రోజుకి 120 చొప్పున మూడు వారాల పైమాటే. ఇప్పుడే ఒట్టేసుకోకండి. మెక్సికో చేరాక ఇద్దరూ మనస్ఫూర్తిగా సరే అంటేనే దాటండి.

ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే ఇంకో రెండు సంగతులు. చెల్లే అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డ్ గానీ ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. ఫ్రెంచ్ పాలినీషియాకి మాత్రం షెంగెన్ వీసా పనికిరాదు, ఆ ప్రాంతానికని విడిగా తీసుకోవాలి. గ్రీన్ కార్డ్ వాళ్లు ఏడాది దాటి బయట ఉంటారనుకుంటే, అమెరికాలో ఉండగానే రీఎంట్రీ పర్మిట్‌కి అప్లై చేయాలి.

మీ పడవ పొడవు, ఏ ఏడాదిది, తీగలు ఎప్పుడు మార్చారో కామెంట్‌లో రాయండి. రిగ్గింగ్‌కి ఎంత పక్కన పెట్టుకోవాలో చెప్తాను.