కెన్యాలో ఆరు వారాల సేవ లేకపోతే ఎమ్మెస్‌కు ప్రొఫైల్ చాలదా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్ సీఎస్ఈ రెండో ఏడాది. వేసవి సెలవుల్లో కెన్యాలో ఒక అనాథాశ్రమానికి వాలంటీర్‌గా వెళ్లి ఆరు వారాలు పిల్లలకు ఇంగ్లిష్ చెబుతానంటోంది. సంస్థ ఫీజు లక్షా నలభై వేలు, టికెట్లు వేరు. మా బంధువులబ్బాయి జర్మనీలో ఎఫ్‌ఎస్‌జే అని ఏడాదిపాటు సేవకు వెళ్లాడు, వాళ్లే ఎదురు డబ్బిస్తున్నారట. ఎమ్మెస్‌కు ప్రొఫైల్ బలంగా ఉండాలంటే రెండింటిలో ఏది మేలు? తోటిపిల్లలంతా ఏదో ఒకటి చేస్తున్నారు, మా పాప వెనకబడిపోతుందేమోనని భయంగా ఉంది. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ ఆఖరి మాటకు ముందు జవాబు చెబుతాను. వెనకబడదు. ఎమ్మెస్ కంప్యూటర్ సైన్స్ దరఖాస్తులో మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్, ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే ఎస్‌వోపీ, సిఫారసు లేఖలు, ప్రాజెక్టులు చూస్తారు, అడిగిన చోట జీఆర్‌ఈ. విదేశంలో సేవ చేయలేదని ఎవరూ ఫైలు పక్కన పడేయరు. ఇంటర్ అయ్యాక అమెరికాలో బ్యాచిలర్స్‌కు వెళ్లే పిల్లల సంగతి వేరు. చాలా కాలేజీలకు ఒకేచోట పెట్టే కామన్ యాప్ దరఖాస్తులో చదువు కాక ఇంకేం చేశారో రాయడానికి పది గళ్లుంటాయి, అక్కడ వాటికి విలువ ఉంది. ఆ మాటనే పట్టుకొచ్చి ఇప్పుడు బీటెక్ పిల్లలకూ ప్యాకేజీలు అమ్ముతున్నారు. మీ అమ్మాయి విషయంలో అది రెజ్యూమెలో ఒక లైను, అంతే. థర్డ్ ఇయర్‌లో ఒక ప్రొఫెసర్ దగ్గర ఆరు నెలలు ఒళ్లు వంచి పనిచేస్తే వచ్చే సిఫారసు లేఖకు అది ఏ మూలకూ చాలదు.

ఇక కెన్యా. కాస్త కటువుగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. అక్కడ ఇంగ్లిష్ అధికార భాష, పై తరగతుల చదువంతా ఇంగ్లిష్‌లోనే. శిక్షణ పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న టీచర్లు ఆ దేశంలో బోలెడుమంది. అలాంటి చోటికి మన సెకండియర్ పిల్ల ఇంగ్లిష్ చెప్పడానికి వెళ్లడమేమిటి? పైగా అనాథాశ్రమం అనగానే మన గుండె కరుగుతుంది. కానీ ఇలాంటి ఆశ్రమాల్లోని పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. పేదరికంతోనో, చదివిస్తామన్న మాట నమ్మో పంపినవాళ్లు. వాలంటీర్ల ఫీజులూ విరాళాలూ వస్తున్నంతకాలం పిల్లల్ని మళ్లీ ఇంటికి చేర్చాలన్న తొందర నిర్వాహకులకు ఉండదు. కెన్యా ప్రభుత్వం కొత్త పిల్లల ఆశ్రమాల రిజిస్ట్రేషన్‌ను 2017లోనే ఆపేసింది. అనాథాశ్రమాల్లో వాలంటీరింగ్ వల్ల జరిగే హానిని అరికట్టమని 2019లో ఐరాస సర్వప్రతినిధి సభ కూడా తీర్మానంలో చెప్పింది.

మీ ఊళ్లోని బాలసదనానికి ఏ దేశం నుంచో పందొమ్మిదేళ్ల కుర్రాడు పోలీసు వెరిఫికేషన్ కూడా లేకుండా వచ్చి, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటోలు దిగి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే మీరు ఊరుకుంటారా? మన పిల్ల సర్టిఫికెట్ కోసమైతే సరేనంటున్నారు. ఆరు వారాలు వెంట తిరిగిన పిల్లలకు ఈ అమ్మాయి వెళ్లిపోయిన మర్నాడు ఇంకో అమ్మాయి వస్తుంది, మళ్లీ మొదటి పాఠం నుంచే మొదలు. పాఠం ముందుకు సాగదు, వచ్చినవాళ్లెవరూ నిలవరని ఆ పిల్లలకు అలవాటైపోతుంది.

అయినా వెళ్లి తీరుతానంటే పిల్లల ఆశ్రమం కాకుండా వేరే పని ఉన్న సంస్థను చూసుకోమనండి. టూరిస్టుగా దేశంలోకి రానిచ్చారంటే పనిచేయడానికి ఒప్పుకున్నట్టు కాదు, వాలంటీర్ పనికీ ఇమ్మిగ్రేషన్ శాఖ పాస్ ఉండాలి. అది ఎవరు తీసిస్తారో మెయిల్‌లో రాయించుకోండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డులో పేరు, పాస్‌పోర్ట్ నంబరు సరిగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టు నుంచే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌కు పంపుతారు. కిసుము వైపు, మొంబాసా తీరంలో మలేరియా ఎక్కువ. మలేరియా రాకుండా డాక్టర్ డాక్సీసైక్లిన్ మాత్రలు రాస్తే తిరిగొచ్చాక కూడా 28 రోజులు వేసుకోవాలి. ఇంటికొచ్చేశాం కదా అని చాలామంది ఇక్కడే మానేస్తారు. తర్వాత జ్వరమొస్తే వైరల్ అనుకుంటారు, కెన్యా వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకు చెప్పరు.

జర్మనీ ఎఫ్‌ఎస్‌జే నిఖార్సైన కార్యక్రమమే. 27 ఏళ్లు నిండనివాళ్లకు, సాధారణంగా 12 నెలలు, మధ్యలో 25 రోజులు సెమినార్లు. ఆరోగ్య బీమా వాళ్లదే, నెలనెలా చేతిఖర్చు ఇస్తారు. మీరన్న ‘ఎదురు డబ్బు’ అదే. గది ఇవ్వనిచోట అది అద్దెకే సరిపోతుంది, కాబట్టి గది ఇస్తారో లేదో ఒప్పందంలో రాసి ఉండాలి. పని ఎక్కువగా వృద్ధాశ్రమాల్లో, ఆసుపత్రుల్లో. పొద్దున్నే ముసలివాళ్లను లేపాలి, ఒళ్లు కడగాలి, డైపర్ మార్చాలి, తినిపించాలి. ‘నొప్పి ఎక్కడ’ అని జర్మన్‌లో అడగడం రాకపోతే మొదటి వారమే కాళ్లూచేతులూ ఆడవు. అందుకే జర్మన్ భాష బి1 (మధ్యస్థాయి) దాకా నేర్చుకుని వెళ్లాలి. కారిటాస్, డియాకోనీ, జర్మన్ రెడ్‌క్రాస్ లాంటి సంస్థలకు నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఏజెంటుకు లక్షలు ధారపోయనక్కర్లేదు.

బైపీసీ చదివి, అక్కడే నర్సింగ్ ఆస్‌బిల్డుంగ్ (పనిచేస్తూ నేర్చుకునే వృత్తి శిక్షణ)లో చేరాలనుకునే పిల్లలకు ఇది మంచి దారి. సీఎస్ఈ మధ్యలో వదిలి వెళ్లే దారి కాదు. ఏడాది ఆగితే రీఅడ్మిషన్ తీసుకోవాలి. ఈలోగా జేఎన్‌టీయూ ఆర్18 నుంచి ఆర్22కు మారినట్టు రెగ్యులేషన్ (సిలబస్, పరీక్షల నిబంధనలు) మారితే, జూనియర్లతో కూర్చుని అదనపు సబ్జెక్టులు రాయాలి. చదువులో గ్యాప్ ఉంటే క్యాంపస్‌లో కొన్ని కంపెనీలు పరీక్షకే కూర్చోనివ్వవు.

ఇంత రాశారు గానీ, అమ్మాయి ఎందుకు వెళ్లాలనుకుంటోందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? పిల్లలకు చెప్పడం ఇష్టమంటే కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్‌లో చేర్పించండి. రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల క్యాంపు. ప్రతి శనివారం ఒకే సర్కారు బడికి వెళ్లి, ఒకే తరగతికి పది నెలలు లెక్కలు చెబితే ఎస్‌వోపీలో రాసుకోవడానికి నిజమైన సంగతి ఒకటి ఉంటుంది. విదేశీ సంస్థతోనే పనిచేయాలంటే ఐరాస వాలంటీర్ల విభాగం వాళ్ల ఆన్‌లైన్ సేవ ఉంది. 18 ఏళ్లు నిండితే చాలు, వారానికి 20 గంటలు మించదు, 12 వారాలు దాటదు, రూపాయి కట్టక్కర్లేదు. కోడింగ్, వెబ్‌సైట్ పనులూ ఉంటాయి, మీ అమ్మాయికి వచ్చినవే. అలా కాదు, ఇల్లూ హాస్టలూ దాటి కొన్నాళ్లు వేరే ఊళ్లో ఉండాలనుందని అంటే, దానికి సేవ పేరు పెట్టనక్కర్లేదు. నాలుగు రోజులు ఎక్కడికైనా తిరిగి రమ్మనండి, తప్పేం లేదు.

సంస్థకు ఇంకా అడ్వాన్సు పంపకపోతే ఆపండి. లక్షా నలభై వేలల్లో ఆశ్రమానికి చేరేదెంత, పిల్లలతో పనిచేసేవాళ్లకు పోలీసు వెరిఫికేషన్ అడుగుతారా, మానుకుంటే డబ్బు ఎంత వెనక్కిస్తారు, ఈ మూడూ మెయిల్‌లో అడగండి. ఫోన్లో చెబుతామంటే ఒప్పుకోకండి.