70కి ఆయుష్మాన్ కార్డు వస్తుంది సరే, అప్పటిదాకా ఏంటి?

ప్రశ్న: నాకు 59 ఏళ్లు. ప్రైవేట్ కంపెనీలో పనిచేస్తున్నాను, వచ్చే ఏడాది రిటైర్‌మెంట్. ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ (5 లక్షలు) ఆ రోజుతో ఆగిపోతుంది. నాకు షుగర్, బీపీ ఉన్నాయి. మా ఆవిడకు 55, ఆరోగ్యం బాగానే ఉంది. 70 దాటిన వాళ్లందరికీ ప్రభుత్వమే 5 లక్షల కార్డు ఇస్తోంది కదా, ఈ మధ్య కాలానికి ప్రైవేట్ పాలసీకి అంతంత ప్రీమియం కట్టడం దండగ అనిపిస్తోంది. మీరేమంటారు?

జవాబు: దండగ కాదండీ. కార్డు సంగతి మీరు చెప్పింది నిజమే, కానీ సగమే. 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు 70 ఏళ్లు నిండిన ఎవరికైనా ఇస్తున్నారు, ఆదాయంతో పని లేదు, మీకున్న షుగర్, బీపీలకు వెయిటింగ్ పీరియడ్ (పాత జబ్బుల చికిత్సకు బీమా వర్తించే దాకా ఆగాల్సిన కాలం) కూడా ఉండదు. ఇంతవరకూ బాగుంది. అయితే ఆ కార్డు 70 నిండిన మనిషికే, ఇంటిల్లిపాదికీ కాదు. మీరు కార్డు తీసుకునే రోజుకి మీ ఆవిడకు 66. ఆవిడకు అందులో పైసా రాదు. అంటే రిటైర్‌మెంట్ నుంచి లెక్కేస్తే మీకున్న ఖాళీ పదేళ్లు, ఆవిడకున్న ఖాళీ పద్నాలుగేళ్లు. ఈ లెక్క వేయకుండానే చాలామంది ధీమాగా ఉంటారు. ఆవిడకూ 70 వచ్చాక మీ ఇద్దరికీ కలిపి ఆ 5 లక్షలే, విడివిడిగా కాదు.

ఇంకోటి, అది ఆసుపత్రిలో చేరితేనే పనికొచ్చే కార్డు. నెలనెలా మీరు కొనే షుగర్ మాత్రలు, డాక్టర్ ఫీజు, మామూలు రక్తపరీక్షలు మీ జేబులోంచే. పైగా జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే చెల్లుతుంది, ఊళ్లోని పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులన్నీ అందులో ఉండవు. మీరు మామూలుగా వెళ్లే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు (ప్రభుత్వ ఆరోగ్య కార్డుల సంగతి చూసే సహాయ కేంద్రం) ఉంటే ఒకసారి వెళ్లి, గుండెకి స్టెంట్, మోకాలి ఆపరేషన్ లాంటివి ఈ కార్డు మీద చేస్తున్నారా అని అడగండి. ఐదు నిమిషాల పని.

మిగతా ప్రభుత్వ దారులు చూద్దాం. సీజీహెచ్ఎస్ కేంద్ర ఉద్యోగులకు, పెన్షనర్లకు. ఈహెచ్ఎస్ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు. మీకు రెండూ కుదరవు. పీఎఫ్ ఆఫీసు నుంచి వచ్చే ఈపీఎస్ పింఛనుకు ఏ వైద్య కార్డూ జతగా రాదు, వస్తుందనుకోవడం చాలామంది అపోహ. ఆరోగ్యశ్రీ (ఆంధ్రాలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మీకు వర్తిస్తుందో లేదో కనుక్కోండి; అర్హత ఉంటే వదులుకోకండి, వయసుతో సంబంధం లేదు. ఈఎస్ఐ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియక పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ: రిటైర్ అయ్యే నాటికి ఈఎస్ఐలో ఉండి, కనీసం 5 ఏళ్లు అందులో ఉన్నవాళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. పొరపాటు కాదు, ఏడాదికే 120. కానీ నెల జీతం 21 వేలు దాటితే ఈఎస్ఐ వర్తించదు, మీకు ఆఫీసు గ్రూప్ పాలసీ ఉందంటే బహుశా మీరు ఆ గీత దాటేసి ఉంటారు. ఒకసారి పే స్లిప్ చూసుకోండి.

కాబట్టి మీకు మిగిలింది సొంత పాలసీ, దానికి సరైన టైమ్ ఇప్పుడే, రిటైర్ అయ్యాక కాదు. ముందుగా హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి, గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారడం ఎలాగో అడగండి. అలా మారితే గ్రూప్‌లో గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో కలిసొస్తుంది, షుగర్ ఉన్న మీకు ఇది బంగారం లాంటి అవకాశం. బయట కొత్తగా తీసుకుంటే పాత జబ్బులకు గరిష్ఠంగా 3 ఏళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఆఖరి వారం దాకా ఆగకండి, కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి. నోటిమాట వద్దు, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇద్దరికీ కలిపి ఒకే పాలసీ, అంటే ఫ్లోటర్ తీసుకోమని ఏజెంట్ అంటాడు. నేనైతే వద్దంటాను. ఫ్లోటర్ ప్రీమియం ఇద్దరిలో పెద్దవాళ్ల వయసును బట్టి లెక్కేస్తారు, మీ వయసు భారం ఆవిడ మీద పడుతుంది. ఆవిడకు ఏ జబ్బూ లేని ఈ రోజే విడిగా పాలసీ తీసేయండి. మీ విషయంలో కో-పే (బిల్లులో మీరు కట్టాల్సిన వాటా) ఎంత, గది అద్దె పరిమితి ఎంత అని చూడండి. రోజుకి 5 వేలు పరిమితి ఉన్న పాలసీతో 10 వేల గదిలో చేరితే, ఆ అదనపు 5 వేలే కట్టాలి కదా అనుకుంటారు. అలా కాదు, డాక్టర్ ఫీజులు, ఆపరేషన్ ఖర్చులు కూడా అదే నిష్పత్తిలో సగానికి కోస్తారు. ప్రపోజల్ ఫారంలో వేసుకునే ప్రతి మాత్ర పేరూ రాయండి. ఏజెంట్ "ఎందుకు సార్, ఇవన్నీ" అన్నా సరే రాయండి, క్లెయిమ్ రోజు ఆయన ఫోన్ ఎత్తడు.

ప్రీమియం టెన్షన్ అంటారా, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు, కాస్త ఊరట. 60 దాటాక సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీంలో కొంత గ్రాట్యుటీ డబ్బు వేస్తే మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది, దాన్ని ప్రీమియం కోసమే పక్కన పెట్టండి. పాత పన్ను విధానంలో ఉంటే సీనియర్లకు ఆరోగ్య బీమా ప్రీమియం మీద 50 వేల దాకా మినహాయింపు కూడా ఉంది.

చివరిగా ఒక చిన్న పని. వయ వందనకు వయసు చూసేది ఆధార్‌లోనే. మీ ఇద్దరి ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందా? తప్పుంటే ఇప్పుడే దిద్దించుకోండి.